రెండు కొండల బొమ్మ
(నాగాయలంక పిల్లలు, పర్యావరణ పాఠం: ఒక విమర్శ)

నాగాయలంక మండలంలో ఒక ప్రాథమిక పాఠశాల. ఆ బడి పేరు చెప్పను. ఇక్కడ చెప్పబోయే తప్పు ఆ బడిది కాదు, నాది.

ప్రపంచ పర్యావరణ దినోత్సవం జూన్ 5న వస్తుంది. మన రాష్ట్రంలో అప్పటికి ఇంకా వేసవి సెలవులే. అందుకని చాలా బడుల్లో ఆ కార్యక్రమాన్ని బడి తెరిచాక ఏదో ఒక రోజు జరుపుతారు. అలా జరిపిన ఒక శనివారం నన్ను బొమ్మల పోటీకి న్యాయనిర్ణేతగా పిలిచారు. యానాది పిల్లలు ఎక్కువగా ఉన్న బడి అది. చదువుకున్న యానాది ఒకరు వచ్చి కూర్చుంటే పిల్లలకు ఉత్సాహంగా ఉంటుందని అక్కడి టీచర్ల ఆలోచన. మంచి ఆలోచనే.

ముప్పై దాకా బొమ్మలు వచ్చాయి. వాటిలో సగానికి పైగా ఒకటే బొమ్మ. రెండు కొండలు, మధ్యలో సగం సూర్యుడు, కొండల మీంచి జారే ఏరు, ఒడ్డున పెంకుటిల్లు, పక్కన గుండ్రటి ఆకుపచ్చ చెట్టు. వాటిలో రంగులు బాగా కుదిరినదానికి మొదటి బహుమతి ఇచ్చాను. నాగాయలంకలో ఎక్కడ నిలబడి ఏ దిక్కు చూసినా కొండ కనిపించదనే సంగతి ఆ పూట నాకు తట్టనే లేదు.

నాలుగో తరగతి యానాది పాప గీసిన బొమ్మ ఒకటి మిగతావాటికి వేరుగా ఉంది. రంగుల పెట్టె లేదేమో, పెన్సిల్‌తోనే గీసింది. వంకర టింకర చెట్టు, దాని చుట్టూ నేలలోంచి పైకి పొడుచుకొచ్చిన గీతలు, ఒక పీత. ‘ఇవేంటమ్మా, మేకులా?’ అని అడిగాను. ‘కాదు సార్, మడచెట్టు ఏళ్లు’ అంది. ‘వేళ్లు భూమిలోకి కదా ఉండాలి?’ అన్నాను. పాప తల దించుకుంది. నేను పదికి మూడు వేశాను.

కొన్ని నెలల తరవాత పడవలో మడ అడవి వైపు వెళ్లాను. పాటు తీసిన వేళ. తెల్లమడ చెట్ల చుట్టూ బురదలోంచి వేలెడేసి ఎత్తున వేల కొద్దీ వేళ్లు పైకి నిలబడి ఉన్నాయి. అప్పటిదాకా నేను మడ అడవిని ఒడ్డు నుంచి చూసినవాణ్ణే తప్ప లోపలికి వెళ్లినవాణ్ణి కాదు. ఆ బురదలో గాలి ఆడదు. అందుకే ఆ చెట్టు ఊపిరి కోసం వేళ్లను పైకి పంపుతుంది. పాప తాను చూసింది చూసినట్టు గీసింది. తెలియనిది నాకు.

ఈ వ్యాసం ఆ మూడు మార్కుల గురించి. వాటి వెనక ఒక పాఠం ఉంది. ఆ పాఠాన్ని విమర్శకు పెట్టాలి.

నేనూ గీసిన బొమ్మే

మాది గుడివాడ వైపు. మడ మాకు తెలియదు, వరి తెలుసు. మా నాన్న పొలాల్లో ఎలుకలకు బుట్టలు పెట్టేవాడు. ఏ గట్టులో కలుగు కొత్తది, ఏది పాడుబడ్డది, ఎలుక ఎటు నుంచి ఎటు నడుస్తుంది అన్నవి మట్టి చూసి చెప్పేవాడు. కలుగు తవ్వితే లోపల దాచిన వరికంకులు దొరికేవి. రైతుకు పంట దక్కేది, మాకు కూలీ, తిండి దక్కేవి. మందు పెట్టి చంపిన ఎలుకను తిన్న గుడ్లగూబ కూడా చస్తుంది. బుట్టతో పట్టిన ఎలుక వల్ల ఇంకో ప్రాణికి హాని లేదు.

ఇవాళ దీన్ని ‘సుస్థిర పద్ధతి’ అంటారు. నేను చదువుకునే రోజుల్లో దీన్ని ఎగతాళి చేసేవారు. మా నాన్న పని ఏమిటని తరగతిలో అడిగితే ‘కూలి’ అని మాత్రం చెప్పేవాణ్ణి. బొమ్మ గీయమంటే రెండు కొండలు గీసేవాణ్ణి. బాగుందనేవారు. ఆ బొమ్మలో నేను పుట్టిన చోటు లేదు, మా నాన్న లేడు. అందుకే అది ఎవరికీ ఇబ్బంది పెట్టని బొమ్మ. పెద్దయ్యాక న్యాయనిర్ణేతగా కూర్చుని దానికే బహుమతి ఇచ్చాను. బడి నేర్పిన పాఠం అంత గట్టిగా నిలిచింది.

కొండల మీద పుట్టిన సవర, కోయ, కొండరెడ్డి మిత్రులు ‘మా దగ్గర కొండలున్నాయి కదా’ అనవచ్చు. ఉన్నాయి. కానీ ఆ బొమ్మలోని కొండ మీదేనా? అందులో పోడు లేదు, జీలుగు చెట్టు లేదు, సంతకు నడిచే దారి లేదు, మనిషి లేడు. అది ఎవరి ఊరూ కాదు.

పాఠం ఎక్కడి నుంచి వచ్చింది

పర్యావరణ విద్యను అన్ని స్థాయిల్లో తప్పనిసరి చేయాలని సుప్రీంకోర్టు 1991లో ఎం.సి. మెహతా వేసిన కేసులో చెప్పింది. అది సరిగా అమలు కాలేదని తేలాక, 2003లో పాఠ్యప్రణాళిక తయారు చేసే బాధ్యత ఎన్‌సీఈఆర్‌టీకి అప్పగించింది. ఆ తరవాత వచ్చిన జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం 2005, బడి బయటి జీవితాన్ని తరగతి గదికి కలపాలని స్పష్టంగా చెప్పింది. పిల్లలు బట్టీ పట్టడం కాదు, చూసి, అడిగి, చేసి తెలుసుకోవాలన్నది దాని సారం. మన రాష్ట్రంలోనూ అదే దారిలో 2011లో రాష్ట్ర చట్రం వచ్చింది. దాని మీద కొత్త పుస్తకాలు వచ్చాయి.

అంటే కాగితం మీద ఉద్దేశం మంచిదే. దాన్ని తప్పు పట్టడం నా పని కాదు. ఆ ఉద్దేశం నాగాయలంక దాకా వచ్చేసరికి ఏమవుతుందన్నదే ప్రశ్న. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలుగా చీలి దివిసీమను చుట్టుకుని సముద్రంలో కలుస్తుంది. కాలువలకు ఇది చివరి భూమి. పైన వాడుకోగా మిగిలిన నీరు, పైన పారేసిన చెత్త ఇక్కడికి చేరతాయి. పాఠం కూడా అలాగే చేరుతోంది. పైన ఎక్కడో, వేరే ఊళ్లను మనసులో పెట్టుకుని తయారైంది, చివరి భూమికి మిగులుగా వస్తోంది.

‘మనం’ అంటే ఎవరు?

మన పర్యావరణ పాఠాల్లో, బడి గోడల మీద, ప్రార్థనలో చేయించే ప్రతిజ్ఞల్లో ఒక మాట పదే పదే వస్తుంది. ‘మనం’. మనం చెట్లు నరుకుతున్నాం, మనం నీటిని పాడు చేస్తున్నాం, మనం కరెంటు వృథా చేస్తున్నాం, కాబట్టి మనం మారాలి. వినడానికి ఎంతో వినయంగా ఉంటుంది. కానీ ఈ ‘మనం’లో అందరినీ ఒకే తూకంలో వేశారు.

పట్నంలో ఏసీ కింద కూర్చున్న పిల్లవాడూ, ఇంట్లో ఒకే ఒక్క బల్బు ఉన్న పీతల కాపు మనవరాలూ ఒకే తప్పు చేసినట్టు ఒకే ప్రతిజ్ఞ చేస్తారు. ఈ తీరంలో ఉప్పునీటి భూములు రొయ్యల చెరువులుగా మారింది ఎవరి పెట్టుబడితో? 1996 డిసెంబరులో జగన్నాథ్ కేసులో సుప్రీంకోర్టు తీరప్రాంత నియంత్రణ మండలిలోని రొయ్యల చెరువులను తొలగించమని తీర్పు ఇచ్చింది. ఆ తీర్పు ఒక చెరువు యజమానికి తెలుసు, ఒక అధికారికి తెలుసు. చెరువు గట్టు మీద కాపలా ఉండే యానాది కొడుకు చదివే పాఠంలో మాత్రం దాని ఊసు లేదు. అక్కడ ఉన్నదల్లా చిక్కీ కవరు చెత్తబుట్టలో వేయమన్న మాట.

చెత్తబుట్టలో వేయమనడం తప్పు కాదు. అక్కడితో ఆపడం తప్పు. ఆ చిక్కీ కవరును బడే ఇచ్చింది. రోజుకు ఎన్ని కవర్లు వస్తున్నాయి, అవి చివరికి ఎక్కడికి వెళుతున్నాయి అని పిల్లలతో లెక్క వేయిస్తే అది పాఠం. పదేళ్ల పిల్ల చేత అందరి తరఫునా తప్పు ఒప్పించడం పాఠం కాదు.

రెండు మంచి పాఠాలు, వాటి హద్దులు

అన్ని పాఠాలూ ఇలాగే ఉన్నాయనడం అన్యాయం. ఎన్‌సీఈఆర్‌టీ 2008లో ఐదో తరగతికి తెచ్చిన పర్యావరణ పుస్తకం ‘లుకింగ్ ఎరౌండ్’లో రెండు పాఠాలను గిరిజన ఉపాధ్యాయులందరూ ఒకసారి చదవాలి.

ఒకటి పాములవాళ్ల పిల్లవాడి కథ. చెప్పేది ఆ పిల్లవాడే. తాతల నాటి విద్య గురించి గర్వంగా చెబుతాడు. అడవి జంతువులను పట్టుకోకూడదని చట్టం వచ్చిందని, తమవాళ్లు పాములను చంపి చర్మాలు అమ్ముకున్నవాళ్లు కాదని, ఇప్పుడు ఎలా బతకాలని అడుగుతాడు. చట్టం ఎందుకు వచ్చిందో, అది ఎవరి మీద పడిందో రెండూ ఒకే పాఠంలో ఉన్నాయి. పిల్లలకు ఇది కష్టమవుతుందని రచయితలు భయపడలేదు.

రెండోది ‘అడవులు ఎవరివి?’ అని అడిగే పాఠం. జార్ఖండ్‌లోని సూర్యమణి అనే కుడుఖ్ అమ్మాయి గురించి. ఆ అమ్మాయికి పేరుంది, భాష ఉంది, అడవి మీద హక్కు ఎవరిదన్న ప్రశ్న ఉంది. అడవి హక్కుల చట్టం ప్రస్తావన కూడా ఉంది. గిరిజనులంటే ఈకలు పెట్టుకుని నాట్యం చేసే బొమ్మగా చూపిన పాత పాఠాలతో పోలిస్తే ఇది చాలా దూరం నడిచింది.

అయినా నాగాయలంక పాప వైపు నుంచి చదివితే ఒక వెలితి కనబడుతుంది. గిరిజనులంటే కొండ, అడవి. బురదలో, ఉప్పునీటిలో, వరిగట్ల మీద బతికే గిరిజనులు మంచి పుస్తకంలో కూడా లేరు. మన రాష్ట్రంలో గిరిజన భాషల్లో ప్రాథమిక విద్య 2004లో మొదలైంది. సవర, కోయ, గోండి, కువి, కొలామి, కొండ, ఆదివాసీ ఒడియా, బంజారా భాషలకు అందులో చోటు దొరికింది. అది గొప్ప అడుగు. యానాదులు మాట్లాడేది తెలుగే కాబట్టి ఆ లెక్కలోకి రాలేదు. అది సహజమే. కానీ భాష వేరు కానంత మాత్రాన తెలివి కూడా వేరుగా లేదని బడి అనుకుంది. అక్కడ పొరపాటు జరిగింది. భాష ఒకటే అయినా మా వాళ్ల దగ్గరున్న మాటలు వేరు. పోటు, పాటు, మొగ, పర, దిబ్బ, తెల్లమడ, నల్లమడ, తిల్ల, ఉప్పుపొన్న. ఇవి తెలుగు మాటలే. తెలుగు వాచకంలో వెతికితే ఎన్ని దొరుకుతాయి?

మడలో ఉన్న సిలబస్

కృష్ణా వన్యప్రాణి అభయారణ్యాన్ని 1989లో ప్రకటించారు. దాదాపు 195 చదరపు కిలోమీటర్లు. మడ అడవులు, బావురుపిల్లి, వలస పక్షులు, గుడ్లు పెట్టడానికి ఇసుక తీరానికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్లు. ఇవన్నీ బడికి పడవ దూరంలో ఉన్నాయి.

తెల్లమడ ఆకు నాలుకకు ఆనిస్తే ఉప్పగా ఉంటుంది. చెట్టు తాగిన ఉప్పును ఆకుల మీదుగా బయటకు పంపుతుంది. ఉప్పుపొన్న విత్తనం చెట్టు మీదే మొలకెత్తి, మునక్కాయలా వేలాడి, బురదలో పడి నాటుకుంటుంది. తిల్ల పాలు కంట్లో పడితే కళ్లు మండిపోతాయి. పీతను తిరగేస్తే పొట్ట కింద పలక వెడల్పుగా ఉంటే ఆడది, సన్నగా ఉంటే మగది. అమావాస్యకు, పౌర్ణమికి పోటు ఎక్కువ. వీటిలో ఏ ఒక్కటీ మన పిల్లలకు ఇంట్లో తెలియనిది కాదు. బడికి అడగడం తెలియాలి. చంద్రుడి పాఠం, విత్తనాల పాఠం, శ్వాసక్రియ పాఠం అన్నీ ఇక్కడే మొదలవ్వచ్చు.

ఈ నేలకు ఒక జ్ఞాపకం కూడా ఉంది. 1977 నవంబరు 19న వచ్చిన తుపాను, ఉప్పెన దివిసీమలో వేల మందిని తీసుకుపోయాయి. చెట్లు పట్టుకుని బతికిన వాళ్ల కథలు ఊళ్లలో ఇంకా చెప్పుకుంటారు. మడ అడవి అలల జోరును తగ్గిస్తుందని 2004 సునామీ తరవాత దేశమంతా మాట్లాడింది. నాగాయలంక పిల్లలకు ‘చెట్లు ఎందుకు కావాలి?’ అనే ప్రశ్నకు పుస్తకంలోని జవాబు అక్కర్లేదు. ముసలివాళ్లను అడిగి రమ్మంటే చాలు.

మొక్క నాటడం గురించి

ఆచరణ అనగానే బడుల్లో జరిగేది మొక్క నాటడం. ఫొటో తీస్తారు. నీళ్లు పట్టే నాథుడు ఉండడు. వేసవికి ఉప్పు పైకి తేలుతుంది, మొక్క పోతుంది. మరుసటి ఏడు అదే గుంతలో ఇంకో మొక్క. ఈ తంతు చూస్తూ పెరిగిన పిల్లవాడికి పర్యావరణమంటే ఏటా ఒక రోజు చేసే పని అని అర్థమవుతుంది.

దీనికి ఈ తీరంలోనే మంచి జవాబు ఉంది. 1990ల చివరి నుంచి కొన్నేళ్లపాటు ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీ శాఖ, ఊళ్ల జనం కలిసి కృష్ణా, గోదావరి ముఖద్వారాల్లో పాడైన మడను తిరిగి పెంచారు. మడ ఎందుకు చచ్చిపోయింది అని ముందు చూశారు. పోటు నీరు లోపలికి వచ్చి పోయే దారి మూసుకుపోయిన చోట ఉప్పు పేరుకుని చెట్లు పోయాయి. అందుకని చేప ముల్లు ఆకారంలో కాలువలు తవ్వారు. పోటుకు నీరు వచ్చింది, పాటుకు పోయింది, ఉప్పు కడిగింది. ఆ తరవాతే మొక్క.

ముందు కారణం, తరవాత మొక్క. పిల్లలకు నేర్పాల్సిన క్రమం ఇది. మొక్క ఎందుకు చచ్చిందని అడగనివ్వకుండా ఇంకో మొక్క చేతికివ్వడం వల్ల ఆచరణ తంతుగా మారింది.

పొగడ్త కూడా వద్దు

ఇంతా చెప్పి మా వాళ్లను ఆకాశానికి ఎత్తితే అదీ అబద్ధమే. ‘గిరిజనులు పుట్టుకతోనే ప్రకృతి ప్రేమికులు’ అనే మాట సభల్లో వింటుంటాం. చప్పట్లు కొడతాం. పొయ్యి కిందికి మడ కొమ్మ నరికే ఇళ్లు మా పేటల్లో ఉన్నాయి. గుడ్డు పీతను వదిలేయాలని తెలిసీ, ఆ పూట అప్పు గుర్తొచ్చి సంచిలో వేసుకున్న చేతులు ఉన్నాయి. సన్న కన్ను వల వేసి చేపపిల్లలను కూడా ఊడ్చేవాళ్లు ఉన్నారు. తెలివి ఉండటం ఒకటి, దాన్ని పాటించే వీలు ఉండటం ఇంకొకటి. ఈ తేడా పిల్లలకు చెప్పాలి. చెబితే తల్లిదండ్రుల మీద చులకన కలగదు, వాళ్ల ఇబ్బంది అర్థమవుతుంది.

ఇంకో ప్రమాదం కూడా ఉంది. ‘మీ విద్య గొప్పది’ అని పొగిడి పిల్లలను బురదలోనే ఉంచేయడం. రాత్రి పోటుకు తండ్రి వెంట పీతలకు వెళ్లిన పిల్లవాడు తెల్లారి బడికి రాడు, వచ్చినా నిద్రపోతాడు. అది సంస్కృతి కాదు, పేదరికం. మడ తెలిసిన పిల్ల మడలోనే ఆగిపోకూడదు. తమిళనాడులో ఇరుళలు 1978లో పాములు పట్టేవాళ్ల సహకార సంఘం పెట్టుకున్నారు. పాము విషం తీసి విరుగుడు మందు తయారీకి ఇస్తున్నారు. వాళ్లలో మాసి సడయన్, వడివేల్ గోపాల్‌కు 2023లో పద్మశ్రీ వచ్చింది. పాత తెలివి కొత్త పనికి ఎక్కిన ఉదాహరణ అది. తాబేళ్ల కాలంలో అటవీ శాఖ స్థానికులను పెట్టి గుడ్లు ఏరించి, కంచె వేసిన చోట పొదిగించి, పిల్లలను సముద్రంలో వదులుతుంది. ఆ గుడ్ల గూళ్ల దగ్గర కాపలా ఉండేవాళ్ల బిడ్డ రేపు అదే తాబేలు మీద పరిశోధన చేయగలగాలి. బడి ఉన్నది అందుకే.

ఇక చేయాల్సింది

పర్యావరణ పాఠాన్ని తూచడానికి నేను మూడు ప్రశ్నలు వాడతాను. ఈ పాఠానికి ఈ నేల తెలుసా? ఇందులో ‘మనం’ అన్నది ఎవరిని? పాఠం అయ్యాక పిల్లకు తెలిసింది పెరిగిందా, తెలిసిందే తప్పనిపించిందా? మీరు ఏ ఏజెన్సీలో పాఠం చెబుతున్నా ఈ మూడూ అడిగి చూడండి.

నాగాయలంక వైపు టీచర్లకు కొన్ని మాటలు. మడ అడవుల అంతర్జాతీయ దినం జూలై 26. 2015లో యునెస్కో దాన్ని నిర్ణయించింది. అప్పటికి బడులు నడుస్తుంటాయి. జూన్ 5 కార్యక్రమాన్ని వాయిదా వేసి జరిపే బదులు ఆ రోజు జరపండి. పీతలు పట్టే ఒక తాతను, ఒక అవ్వను బడికి పిలిచి కుర్చీ వేయండి. ‘ఏం అవ్వా, పోటు ఎప్పుడు తీస్తుంది?’ అని పిల్లల ముందు మీరే అడగండి. టీచరుకు తెలియనిది తమ అవ్వకు తెలుసని పిల్ల చూడాలి. ఆ ఒక్క దృశ్యం వంద నినాదాల పని చేస్తుంది. నాటిన మొక్కలు కాదు, రెండో వేసవి దాటిన మొక్కలు లెక్కపెట్టండి. నెల రోజులు పోటు ఎత్తును రేవు గుంజ మీద గీతలు గీయించి, పక్కన చంద్రుడి బొమ్మ వేయించండి. అది సైన్సూ అవుతుంది, లెక్కలూ అవుతాయి. నీటి దగ్గరికి వెళ్లేటప్పుడు పెద్దవాళ్లు తోడుండాలి, అంతే.

మన యువతకు ఒక మాట. ఈ పాఠాలను వేరేవాళ్లు రాసిపెట్టరు. మీ పేటలో చెట్లకు, చేపలకు, నీటి కదలికలకు ఉన్న పేర్లను ఈ ఏడాది ఒక నోటుపుస్తకంలో రాయండి. ఎవరు చెప్పారో, ఏ దిబ్బ దగ్గర చూశారో పక్కన రాయండి. పాఠ్యపుస్తకం మళ్లీ మారినప్పుడు మన చేతిలో చూపడానికి ఏదో ఒకటి ఉండాలి.

ఆ పాప బొమ్మ నా దగ్గర లేదు. పోటీ అయ్యాక కాగితాలన్నీ బడి బీరువాలోకి వెళ్లాయి. ఆ పాప ఇప్పుడు ఏ తరగతిలో ఉందో, చదువుతోందో లేదో అడిగి తెలుసుకోవాలి. పది మార్కుల్లో ఏడు నేను ఇంకా బాకీ ఉన్నాను. ఈ సారి పిలిస్తే కుర్చీలో కూర్చునే ముందు, ఎవరైనా పిల్లల్ని తోడిచ్చి, పెద్దవాళ్లతో కలిపి నన్ను పడవ ఎక్కించమంటాను. ముందు వాళ్లు నాకు చూపిస్తారు. ఆ తరవాత మార్కుల సంగతి.